పాత తుపాకులు సేకరించాలనుకుంటే: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయకూడదు

పాత తుపాకీ ఇంటికి రాగానే చాలామందికి చేతులు ఊరుకోవు. ఉప్పుకాగితం తెచ్చి, తుప్పు పోయేదాకా రుద్ది, పాలిష్ పెట్టి, తళతళలాడించి గోడకు తగిలిస్తారు. వందేళ్లకు పైగా లోహం మీద పేరుకున్న ముదురు గోధుమరంగు, గొట్టం మీద కొట్టిన చిన్న చిన్న ముద్రలు, తయారుచేసినవాడి పేరు, అన్నీ ఒక్క మధ్యాహ్నంలో మాయమవుతాయి. మళ్లీ రావు. ఆ తుపాకీని సేకరణగా చూసేవాళ్లు ఇక దాన్ని చేతిలోకి కూడా తీసుకోరు.

అందుకే ఈ హాబీలో చేసే పని తక్కువ, చూసే పని ఎక్కువ. చూడటం వస్తే మోసపోవడం తగ్గుతుంది, ఉన్నదాన్ని పాడుచేయడం కూడా తగ్గుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో చూడాలి అన్నది కింద చెబుతున్నాను. కాల్చడం గురించి ఇందులో ఏమీ లేదు. అది వేరే విద్య, పాత తుపాకులతో ప్రమాదకరమైన విద్య కూడా.

మొదటి పని: చట్టం తెలుసుకోండి

"వందేళ్ల నాటిది, దీన్నెవరు పట్టించుకుంటారు" అనే మాట అమ్మేవాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది. నమ్మకండి. ఏది పురాతన వస్తువు, ఏది ఆయుధం అన్నది మీరో అమ్మేవాడో తేల్చేది కాదు, మీరున్న దేశపు చట్టం తేల్చేది. పైగా ఒక్కో దేశం ఒక్కోచోట గీత గీసింది.

అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి 'యాంటిక్'. అయితే అది సమాఖ్య చట్టం మాట. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. బ్రిటన్‌లో 1968 చట్టం పాత తుపాకీని ఆసక్తి కొద్దీనో అలంకారంగానో ఉంచుకోనిస్తుంది. కానీ ఏ రకాలు, ఏ తూటాలు వాడేవి ఆ కిందికి వస్తాయో 2021లో నిబంధనలు వచ్చాయి. దాన్ని కాల్చాలనుకున్నారా, ఆ మినహాయింపు వర్తించదు. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం ప్రకారం గొట్టం మూతిలోంచి, అంటే ముందునుంచి మందు కూరే తుపాకీకి కూడా లైసెన్స్ కావాలి. పురాతనమైనదై, మరమ్మతు చేసినా పేలే అవకాశం లేనిదానికి సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. పేలదని మీరు అనుకుంటే చాలదు, అధికారుల దగ్గర్నుంచి కాగితం మీద రాయించుకోవాలి. వందేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు కూడా.

తూటాలకు చట్టం వేరుగా ఉంటుందని గుర్తుంచుకోండి. తుపాకీకి మినహాయింపు ఉన్నంత మాత్రాన దాని పాత తూటాల పెట్టెకు కూడా ఉంటుందనుకోకూడదు. పిడికి ఏనుగుదంతం, తాబేలు చిప్ప లాంటివి వాడి ఉంటే అడవిజంతువుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కూడా అడ్డొస్తుంది. సరిహద్దు దాటించేటప్పుడు తుపాకీ కన్నా ఆ దంతపు పిడే ఎక్కువ తలనొప్పి తెస్తుంది.

ఇంకో మాట. కొన్నిచోట్ల తుపాకీని పేలకుండా చేయించి ఉంచుకోవచ్చు. గొట్టంలో కడ్డీ వెల్డింగ్ చేయడం, తూటాను కొట్టే పిన్ను కోసేయడం లాంటివి చేస్తారు. ఆ పని వెనక్కి తీసుకోలేనిది. అరుదైన తుపాకీకైతే ముందు మ్యూజియంవాళ్లతో, లైసెన్స్ అధికారులతో మాట్లాడి, వేరే దారి ఏదీ లేదని తేలాకే చేయించండి. ఒక దేశంలో అలా చేయించినది పక్క దేశంలో చెల్లకపోవచ్చు కూడా.

ఒక దారి ఎంచుకోండి

కనిపించిన ప్రతిదీ కొంటే చివరికి మిగిలేది గోదాము. ఒక ప్రశ్న పట్టుకుని సేకరించండి.

నిప్పు ఎలా పుట్టింది అన్నది ఒక మంచి ప్రశ్న. మొదట్లో వెలిగించిన వత్తిని మందుకు తగిలించేవారు. తర్వాత తిరిగే చక్రం రవ్వలు రాల్చింది. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో స్థిరపడిన ఫ్లింట్‌లాక్‌లో చెకుముకి రాయి ఉక్కును కొట్టి నిప్పు పుట్టించింది. రెండు వందల ఏళ్లు దానిదే రాజ్యం. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతగురువుకు పక్షుల వేట ఇష్టం. చెకుముకి మెరవగానే పక్షులు ఉలిక్కిపడి ఎగిరిపోతున్నాయని, దెబ్బ తగలగానే పేలే రసాయనాన్ని వాడే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. దాన్నుంచే చిన్న రాగి టోపీ, అంటే పెర్కషన్ క్యాప్ వచ్చింది. ఆ తర్వాత అన్నీ ఒక్కటిగా ఇమిడిన లోహపు తూటా. ఈ మార్పుల్లో ఒక్కోదానికి ఒక్కో నమూనా ఉంటే చాలు, అదే ఒక సేకరణ.

ఒకే సైన్యం వెంట వెళ్లడం ఇంకో దారి. బ్రిటిష్ సైన్యాన్ని తీసుకుంటే బ్రౌన్ బెస్ మస్కెట్ తర్వాత 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ రేగింది దాని చుట్టూనే. 1866 నుంచి ఆ ఎన్‌ఫీల్డ్‌ల వెనకభాగం కోసి, మూత బిగించి, వెనకనుంచి తూటా పెట్టే స్నైడర్‌లుగా మార్చారు. అందుకే నాకు స్నైడర్ అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఒకే తుపాకీలో రెండు కాలాలు అతుక్కుని కనిపిస్తాయి. 1871లో మార్టినీ-హెన్రీ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

నన్నడిగితే కొత్తవాళ్లు అసలు తుపాకీతో మొదలుపెట్టనే అక్కర్లేదు. మందు ఫ్లాస్కులు, గుండ్లు పోసే అచ్చులు, క్యాపుల డబ్బాలు, శుభ్రం చేసే సామాను, తోలు హోల్‌స్టర్లు ఇవన్నీ తుపాకీ పక్కన బతికినవే. చాలాచోట్ల వీటికి లైసెన్స్ గొడవ ఉండదు. తప్పు కొన్నా నష్టం చిన్నది. కన్ను మాత్రం వీటి దగ్గరే బాగా పదునెక్కుతుంది.

కొనడం మొదలుపెట్టకముందే అసలువి చూడండి

ఫోటోలు చూసి నేర్చుకున్న కన్ను ఫోటోల దగ్గరే ఆగిపోతుంది. లోహపు రంగు ఎలా ఉంటుంది, చెక్క ఎక్కడ అరుగుతుంది అన్నది ఎదురుగా చూడాల్సిందే. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్, ప్యారిస్‌లో ఇన్‌వాలీడ్ భవనంలోని సైనిక మ్యూజియం, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీలో ఉన్న తుపాకుల మ్యూజియం, ఇలాంటి చోట్లకు వెళ్లే వీలుంటే వదులుకోవద్దు. వెళ్లినప్పుడు బంగారు పని చేసిన రాజుల తుపాకుల ముందే నిలబడిపోకుండా, మూలన ఉన్న మామూలు సైనికుడి తుపాకీని ఎక్కువసేపు చూడండి. మీకు దొరకబోయేది అదే. చెయ్యి పట్టిన చోట చెక్క ఎంత నల్లబడింది, గొట్టం మీద తుప్పు ఏ రంగులో ఉంది, ముద్రలు ఎంత లోతుగా ఉన్నాయి అన్నది గమనించండి. వేలానికి ముందు వస్తువులను చూడనిచ్చే రోజులుంటాయి. కొనే ఉద్దేశం లేకపోయినా వెళ్లండి. అడిగితే చేతికిస్తారు.

చేతిలోకి తీసుకోగానే: లోపల మందు ఉందనే అనుకోండి

ఈ ఒక్క భాగం దాటేయకుండా చదవండి. ముందునుంచి మందు కూరే తుపాకీని ఒకసారి నింపాక ఖాళీ చేయాలంటే కాల్చడమే సులువు. కాల్చే అవసరం రాకపోతే నింపినదాన్ని అలాగే మూలన పెట్టేసేవారు. తరాలు మారాక అది వేలానికి వస్తుంది. నల్ల తుపాకిమందు తడి తగలకుండా ఉంటే వందేళ్లయినా పేలే గుణం పోదు. అమ్మేవాడు "ఎన్నో ఏళ్లుగా ఇంట్లోనే ఉందండీ" అన్నాడంటే ఎవరూ లోపల చూడలేదని అర్థం.

పరీక్ష తేలికే. గొట్టం మూతి మీ వైపు గానీ, మరొకరి వైపు గానీ లేకుండా పెట్టుకోండి. మూతికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే హ్యామర్ జోలికి పోవద్దు. సన్నటి చెక్క కడ్డీని గొట్టంలోకి మెల్లగా, ఆగిపోయేదాకా జార్చి, మూతి దగ్గర దాని మీద గుర్తు పెట్టుకోండి. బయటికి తీసి, ఆ గుర్తు మూతి దగ్గరికి వచ్చేలా గొట్టం పక్కన ఆనించండి. కడ్డీ రెండో కొన, నిప్పు లోపలి మందుకు అందే నిప్పురంధ్రం దాకా, లేదా క్యాప్ పెట్టే నిపుల్ ఉన్నచోటు దాకా వస్తే గొట్టం ఖాళీ అన్నమాట. ఒకటి రెండు అంగుళాలు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. చెత్త కావొచ్చు, ఎలుక లాక్కొచ్చిన గుడ్డపీలిక కావొచ్చు, మందూ గుండూ కావొచ్చు. ఏదైనా సరే మీరు తీయకండి. అనుభవమున్న గన్‌స్మిత్‌కే వదిలేయండి. ఇనుప కడ్డీతో పొడవడం, డ్రిల్లు పెట్టడం, వేడిచేయడం అసలే వద్దు.

రివాల్వర్ అయితే సిలిండర్‌లోని ప్రతి గదినీ విడిగా చూడాలి. ఫ్లాస్కుల్లో, మందుకొమ్ముల్లో కూడా పాత మందు మిగిలి ఉండొచ్చు. చెవి దగ్గర పెట్టి ఊపితే ఇసుకలా కదులుతున్న చప్పుడు వస్తుంది. దాన్ని దీపానికీ, సిగరెట్‌కూ దూరంగా ఉంచండి.

ఖాళీ అని తేలాక కూడా ఊరికే ట్రిగ్గర్ నొక్కకండి. హ్యామర్ వచ్చి నిపుల్‌ను కొడితే నిపుల్ చితుకుతుంది. చెకుముకి లేని ఫ్లింట్‌లాక్‌లో కొట్టే భాగమే విరగొచ్చు. లాక్, అంటే నిప్పు పుట్టించే యంత్రం, పనిచేస్తోందో లేదో చూడాలంటే, ముందు అమ్మేవాడిని అడిగి, హ్యామర్‌ను బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి.

ఇప్పుడు చదవండి: చెక్క, అంచులు, స్క్రూలు

ముందు పేరూ తేదీ వెతక్కండి. పేరు చూశాక మనసు దాన్నే నమ్మాలని చూస్తుంది. చెక్కతో మొదలుపెట్టండి.

తయారైనప్పుడు చెక్క, లోహం కలిసే చోట చెక్క లోహానికి సమంగానో, వెంట్రుకవాసి ఎత్తుగానో ఉంటుంది. లోహం కన్నా చెక్క కిందికి దిగి ఉంటే ఎవరో ఉప్పుకాగితం వేశారని అర్థం. అప్పుడు చెక్క మీద కొట్టిన సైన్యం ముద్రలు కూడా చెరిగిపోయి లేదా సగం మిగిలి ఉంటాయి. తర్వాత లోహపు అంచులు చూడండి. ఎనిమిది పలకల గొట్టమైతే పలకలు కలిసేచోట వేలితో తడిమి చూడండి. గీత పదునుగా తగలాలి. సబ్బుముక్కలా గుండ్రంగా జారిపోతే బాగా పాలిష్ పట్టిన సరుకు. లోతుగా గుంటలు పడిన తుప్పు ఉన్నచోటే అక్షరాలు మాత్రం కొత్తగా, స్పష్టంగా ఉంటే అవి తుప్పు పట్టాక చెక్కినవి.

స్క్రూల తలలు ఎప్పుడూ అబద్ధం చెప్పవు. మంచి గన్‌మేకర్ బిగించిన స్క్రూ గాడి సన్నగా, అంచులు చెక్కుచెదరకుండా ఉంటుంది. గాడి చితికి, పక్కలు లేచి ఉంటే సరిపోని స్క్రూడ్రైవర్‌తో ఎవరో చాలాసార్లు విప్పారు. ఎందుకు విప్పారు, లోపల ఏది మార్చారు అని వెంటనే అనుమానించాలి.

ఫ్లింట్‌లాక్ కొనేటప్పుడు ఇంకో మడతపేచీ ఉంది. పెర్కషన్ క్యాప్ వచ్చాక వేలాది ఫ్లింట్‌లాక్‌లను క్యాప్ పద్ధతికి మార్చుకున్నారు. అది నిజాయితీ గల మార్పు, ఆ కాలపు అవసరం. కానీ ఈ కాలంలో ఫ్లింట్‌లాక్‌కే గిరాకీ ఎక్కువ కాబట్టి, మార్చినవాటిని తిరిగి ఫ్లింట్‌లాక్‌లా తయారుచేసి అమ్ముతారు. లాక్ పలక మీద పూడ్చిన రంధ్రాల జాడలు, మిగతా లాక్‌తో రంగు కలవని మందుపళ్లెం, మరీ కొత్తగా గుండ్రంగా ఉన్న నిప్పురంధ్రం కనిపిస్తే జాగ్రత్త పడండి. నిజంగా వాడిన ఫ్లింట్‌లాక్‌లో ఆ రంధ్రం చుట్టూ లోహం మందు మంటకు తినేసినట్టు ఉంటుంది. నా మటుకు నాకు, మళ్లీ మార్చిన ఫ్లింట్‌లాక్ కన్నా మార్చినట్టే ఉండిపోయిన పెర్కషన్ తుపాకీయే ఎక్కువ విలువైనది.

ముద్రలు

ఇప్పుడు భూతద్దం తీయండి. గొట్టం కింద గానీ, వెనకవైపు గానీ ఉండే ప్రూఫ్ మార్కులు తుపాకీ పుట్టుక గురించి అమ్మేవాడి కన్నా బాగా చెబుతాయి. గొట్టంలో మామూలు కన్నా ఎక్కువ మందు వేసి పేల్చి, పగలకుండా నిలబడితే కొట్టే ముద్రలివి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో మొదలైంది. రెండిటి ముద్రలూ వేరు. బెల్జియంలోని లియేజ్ ముద్రలో ఈఎల్‌జీ అనే అక్షరాలు కోడిగుడ్డు ఆకారంలో ఇమిడి ఉంటాయి. 1893 నుంచి దాని మీద కిరీటం కూడా చేరింది. కిరీటం ఉంది కాబట్టి 1893 తర్వాతది, లేదు కాబట్టి అంతకుముందుది అని ఒక్క చూపులో కాలం తేలిపోతుంది.

గొట్టం మీద 'లండన్' అని అందంగా చెక్కి, కింద బర్మింగ్‌హామ్ ముద్ర ఉంటే కంగారుపడకండి. బర్మింగ్‌హామ్‌లో చేసి లండన్ పేరుతో అమ్మడం ఆ రోజుల్లో మామూలే. అలాగే లాక్ మీద 'టవర్' అని ఉంటే అది తయారీదారు పేరు కాదు, బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధమని. బాణపు మొన లాంటి గుర్తు ప్రభుత్వ ఆస్తికి. రెండు బాణపు మొనలు ఎదురెదురుగా ఉంటే సర్వీసు నుంచి తీసి అమ్మేశారని. ఈస్టిండియా కంపెనీ తుపాకుల మీద మొదట హృదయాకారపు గుర్తు, 19వ శతాబ్దంలో కాళ్లెత్తి నిలబడ్డ సింహం కనిపిస్తాయి.

నకిలీల్లో రెండు రకాలు బాగా ఎదురవుతాయి. ఒకటి ఖైబర్ కనుమ ప్రాంతంలో చేత్తో చేసిన మార్టినీలు, ఎన్‌ఫీల్డ్‌లు. అసలు ముద్రలను అక్షరాలు రానివాళ్లు చూసి దించారు కాబట్టి ఎన్‌ఫీల్డ్ పేరులోని ఇంగ్లిష్ 'ఎన్' అక్షరం తిరగబడి ఉంటుంది, స్పెల్లింగులు తప్పుతాయి. విక్టోరియా రాణి 1901లో చనిపోయారు. ఆవిడ పేరు పొడి అక్షరాల పక్కన ఆ తర్వాతి సంవత్సరం ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. అయితే వీటిని తక్కువ చేయకండి. ఖైబర్ తుపాకీ అని తెలిసి కొంటే అది కూడా ఒక చక్కటి చేతిపని. ఖరీదు మాత్రం ఖైబర్ తుపాకీకి తగ్గట్టు ఉండాలి.

రెండో రకం, ఇటలీలో తయారయ్యే పాత కోల్ట్, రెమింగ్టన్ నమూనాలు. ఇవి నిజాయితీగా 'నకలు' అనే అమ్ముతారు. వాటి మీద ఇటలీ ప్రూఫ్ ముద్రలు, తయారైన సంవత్సరం కోడు ఉంటాయి. ఆ ముద్రలు అరగదీసి, యాసిడ్‌తో తుప్పు పట్టించి, అసలుదంటూ అంటగట్టేవాళ్లతోనే వస్తుంది చిక్కు. ముద్రలు ఉండాల్సినచోట లోహం కొంచెం పల్లంగా కనిపిస్తే ఆ తుపాకీ కింద పెట్టేయండి.

నంబర్లు చివర చూడండి. పాత కోల్ట్ రివాల్వర్లలో ఫ్రేము, గొట్టం, సిలిండర్ లాంటి భాగాల మీద సీరియల్ నంబర్ కొట్టేవారు. 1851 నేవీ మోడల్ సిలిండర్ మీద 1843లో జరిగిన ఓ నౌకాయుద్ధపు దృశ్యం ముద్రించి ఉంటుంది. ఆ ఓడలు ఎంత స్పష్టంగా మిగిలాయన్నదే దాని స్థితికి కొలత. జర్మన్ లూగర్ పిస్టల్‌లో చిన్న భాగాల మీద కూడా నంబర్ చివరి రెండు అంకెలు ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక విలువ, ఒక్కటి కలవకపోయినా ఇంకో విలువ. కలవనిదాన్ని కలిసేలా కొట్టినవీ ఉన్నాయి. అంకెల తీరు మిగతావాటితో పోల్చి చూడండి.

సామాను దగ్గరే ఎక్కువ మోసం

తుపాకీని పట్టి పట్టి చూసినవాళ్లు కూడా పక్కనున్న ఫ్లాస్కు విషయంలో కళ్లు మూసుకుంటారు. పెట్టెతో సహా అమ్మే పిస్టల్ సెట్లలో జరిగేది ఇదే. పెట్టె, పిస్టల్, ఫ్లాస్కు, అచ్చు నాలుగూ అసలువే అయినా, నాలుగూ నాలుగు చోట్ల నుంచి తెచ్చి కలిపినవి కావొచ్చు. ఏ ఒక్కటీ నకిలీ కాదు, సెట్టు మాత్రం నకిలీ.

పెట్టె తెరిచి, అన్నీ బయటికి తీసి, కింద పరిచిన గుడ్డ చూడండి. వంద నూటయాభై ఏళ్లు ఒకేచోట ఉన్న వస్తువు గుడ్డ మీద తన అచ్చు వదులుతుంది. హ్యామర్ ఆనినచోట నొక్కు, ట్రిగ్గర్ గార్డు గీత, గుడ్డ రంగు వెలిసినచోట వెలవని నీడ, ఇవి ఆ వస్తువులకే సరిపోవాలి. పిస్టల్ ఆకారం ఒకటి, గుడ్డ మీద జాడ ఇంకొకటి అయితే వివరణ అడగండి. గుడ్డ మరీ కొత్తగా ఉంటే పెట్టె లోపలంతా తిరిగి చేశారన్నమాట. మూత లోపల అతికించిన గన్‌మేకర్ లేబుల్ మీద ఉన్న చిరునామా కూడా సాక్ష్యమే. దుకాణాలు వీధులు మారేవి. పిస్టల్ తయారైన కాలంలో ఆ దుకాణం లేబుల్‌లోని చిరునామాలో లేకపోతే పొంతన లేదని తేలిపోతుంది.

ఫ్లాస్కుల విషయానికొస్తే, షెఫీల్డ్‌లోని జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లీ కంపెనీలవి బాగా దొరుకుతాయి. రాగి, ఇత్తడి రేకును అచ్చులో నొక్కి, రెండు సగాలు అతికించి చేసేవారు. అతుకు గీత చూడండి. అసలుదానిలో అది సన్నగా, శుభ్రంగా ఉంటుంది. మీద ఉన్న కుక్కలు, పక్షులు, ఆకుల బొమ్మలు పాతదానిలో పదునుగా మొదలై చెయ్యి తగిలే ఎత్తుల్లో మాత్రమే అరుగుతాయి. నకలులో బొమ్మ అంతటా ఒకేలా మొద్దుగా ఉంటుంది, ఎందుకంటే అది ఒక పాత ఫ్లాస్కు మీదనుంచి తీసిన అచ్చు. ముక్కు మీద మందు కొలతలు ఉంటాయి. దాన్ని వెనక్కీ ముందుకీ జరిపి, స్ప్రింగు పనిచేస్తోందో చూడండి. స్ప్రింగు విరిగినా ఫర్వాలేదు, కొత్తది వేసి చెప్పకపోవడమే తప్పు.

గుండ్లు పోసే అచ్చులో గది వ్యాసం కొలిచి పిస్టల్ గొట్టంతో పోల్చండి. కొలతలు మరీ తేడాగా ఉంటే అది ఆ పిస్టల్‌ది కాదు. పాత అచ్చుల్లో, గుండ్లలో సీసం ఉంటుంది. ముట్టుకున్నాక చేతులు కడగండి, పిల్లలకు అందనివ్వకండి. నిండుగా ఉన్న క్యాపుల డబ్బా దొరికితే ముచ్చటపడి మూత తెరిచి గీకకండి. అందులోది మెర్క్యురీ ఫల్మినేట్ కావొచ్చు. చిన్న దెబ్బకే పేలుతుంది. ఖాళీ డబ్బా, దాని మీద చెక్కుచెదరని లేబుల్, సేకరణకు అదే చాలు.

మౌజర్ సీ96 పిస్టల్ చెక్క హోల్‌స్టర్ గురించి ఒక మాట. అది ఒరగానూ పనికొస్తుంది, పిస్టల్ వెనక బిగిస్తే భుజానికి ఆనించుకునే మడమ కూడా అవుతుంది. చూడముచ్చటైన ఆలోచన. అయితే కొన్ని దేశాల్లో అది బిగించగానే పిస్టల్ చట్టం దృష్టిలో వేరే ఆయుధంగా మారిపోతుంది. రెండిటినీ కలిపి కొనేముందు ఆ సంగతి కనుక్కోండి.

కథ కన్నా కాగితం

"ఇది ఫలానా యుద్ధంలో ఫలానా దొర వాడింది" అని చెప్పే ప్రతివాడూ మోసగాడు కాదు. తాత చెప్పిన మాట మనవడు నమ్మి చెబుతాడు. మీరు మాత్రం ఆ మాటకు డబ్బు ఇవ్వకండి. కాగితం ఉంటేనే ఇవ్వండి. పాత కొనుగోలు రసీదు, ఆ తుపాకీ నంబర్ రాసి ఉన్న ఉత్తరం, సంవత్సరం తేలే ఫోటో, ఇలాంటివి.

కొన్ని కంపెనీల పాత రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. కోల్ట్ కంపెనీ తన రికార్డుల నుంచి రుసుము తీసుకుని ఉత్తరం ఇస్తుంది. పాత వించెస్టర్ రిజిస్టర్లు కోడీ మ్యూజియంలో ఉన్నాయి. అన్ని మోడళ్లకూ, అన్ని సంవత్సరాలకూ రికార్డులు మిగల్లేదు. ఉన్నవాటికి మాత్రం ఆ తుపాకీ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటిందో, గొట్టం ఎలాంటిదో తెలుస్తుంది. ఉత్తరంలో ఎనిమిది పలకల గొట్టం అని ఉండి, చేతిలోది గుండ్రటి గొట్టమైతే బేరం అక్కడితో ఆపేయండి.

కొన్నాక

చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలో తుప్పు పట్టిస్తుంది. తుప్పులో రెండు రకాలు గుర్తుపట్టండి. ముదురు గోధుమరంగులో గట్టిగా, నున్నగా ఉన్నది ఆగిపోయిన తుప్పు. దాన్ని ముట్టుకోవద్దు. నారింజరంగులో పొడిలా రాలేది ఇంకా తింటున్న తుప్పు. దాని మీద మాత్రం పలచటి తుపాకి నూనె చుక్క వేసి, ఒకటి రెండు రోజులు ఉంచి, మెత్తటి గుడ్డతో ఒత్తి తుడవండి. మొండికేస్తే వెదురు పుల్లతో మెల్లగా తీయండి. ఇనుప పీచు, యాసిడ్ వాడే తుప్పు మందులు, తిరిగే బ్రష్షులు వద్దు.

తర్వాత మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించండి. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనల నుంచి వచ్చిన రెనసాన్స్ వ్యాక్స్ చాలా మ్యూజియంల్లో వాడేది. లోహానికీ, చెక్కకూ కూడా పనికొస్తుంది. చెక్కకు అవిసెనూనె పట్టించమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. కాలం గడిచేకొద్దీ అది నల్లబడి, దుమ్ము పట్టి, జిగురుగా మిగులుతుంది. నూనె రాసిన తుపాకీని మడమ కిందికి వచ్చేలా ఏళ్ల తరబడి నిలబెడితే గొట్టంలోని నూనె చెక్కలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. పడుకోబెట్టండి, లేదా మూతి కిందికి ఉంచండి.

తోలు, లోహం కలిపి ఉంచకండి. చూడటానికి పిస్టల్ దాని హోల్‌స్టర్‌లోనే అందంగా ఉంటుంది, నిజమే. కానీ తోలు తేమ పట్టి ఉంచుతుంది, అందులోని పదార్థాలు ఉక్కును తింటాయి, ఇత్తడి బటన్ల చుట్టూ పచ్చగా చిలుము కడుతుంది. హోల్‌స్టర్ లోపల ఆమ్లం లేని కాగితం ఉండచుట్టి పెట్టి ఆకారం నిలపండి, పిస్టల్ పక్కన ఉంచండి. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చెక్క పగలదు, లోహం తుప్పు పట్టదు. తేమ ఉన్నట్టుండి పెరిగి తగ్గడమే అన్నిటికన్నా చేటు. ఎండ పడే గోడకు తగిలించకండి. మేకులకు గుడ్డ చుట్టండి.

పాత షాట్‌గన్‌లకు డమాస్కస్ గొట్టాలుంటాయి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి, అతికించినవి. నీళ్ల అలల్లాంటి ఆ నమూనాను చూస్తూ కూర్చోవచ్చు. అవి నల్ల తుపాకిమందు కాలానివి. 1884లో ఫ్రాన్స్‌లో పుట్టిన పొగరాని మందు కలిగించే ఒత్తిడి వేరు. గొట్టం గోడలో లోపల తుప్పు ఎక్కడ దాక్కుందో పైకి కనిపించదు. ఇప్పటి తూటా వాటిలో పెట్టి కాలిస్తే చేతివేళ్లు పోవచ్చు.

ప్రతి వస్తువుకూ ఒక కాగితం రాసి పెట్టండి. ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారు, అన్ని ముద్రల ఫోటోలు, నంబర్లు, మీరు చేసిన ప్రతి చిన్న మరమ్మతు, మందు పరీక్ష చేసి ఖాళీ అని తేల్చిన తేదీ. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టేటప్పుడు మాత్రం నంబర్ మొత్తం గానీ, ఇంటి ఆనవాళ్లు గానీ కనిపించకుండా చూసుకోండి. లైసెన్సులు, మినహాయింపు పత్రాలు, రసీదులు ఆ కాగితంతో కలిపి ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో కనీసం ఒకరికి చెప్పండి. మీ తర్వాత ఆ తుపాకీ ఎవరి చేతికి వస్తే వాళ్లు అప్పటి చట్టం ప్రకారం దాన్ని తమ పేరుకు మార్చుకోవాలో, అప్పగించాలో తేల్చుకోవాల్సి ఉంటుంది. ఆ కవరు లేకపోతే అది వాళ్లకు మొదటిరోజే పోలీసు వ్యవహారం అవుతుంది.